తాబేలు చచ్చిపోతే తప్పెవరిది?

2025 మార్చిలో ఓ రోజు పొద్దున్నే పేపరు తిరగేస్తున్న మా అమ్మాయి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. శ్రీకూర్మం గుళ్లో నక్షత్ర తాబేళ్లు చనిపోయాయని అందులో వార్త వచ్చింది. "అమ్మా, అంత పెద్ద గుళ్లో, అంతమంది ఉండి కూడా చచ్చిపోయాయంటే, మనింట్లో చచ్చిపోవడం మన తప్పు కాదుగా?" అంది. పాలు పొంగుతాయేమోనన్నట్టు స్టవ్ వైపు తిరిగాను. పన్నెండేళ్ల పిల్ల. ఎన్నో నెలలుగా ఆ ప్రశ్న కడుపులో పెట్టుకుని తిరుగుతోందని నాకప్పుడే తెలిసింది.

ఆ రోజు దానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. దానికే కాదు, ఇంట్లో ఏ మూలో ఓ ప్లాస్టిక్ బేసిన్లో చిన్న తాబేలుని పెట్టుకున్న ఇల్లాళ్లందరికీ కూడా.

మాది మారేడుమిల్లి. బొంగు చికెన్ తినడానికో, జలపాతాలు చూడ్డానికో మీలో చాలామంది వచ్చే ఉంటారు. నేనిక్కడ టీచరుని. 2024 సంక్రాంతికి మా తమ్ముడు రాజమండ్రి నుంచి వస్తూ చెప్పుల డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. మూత తీస్తే రెండు తాబేలు పిల్లలు. మేరీ బిస్కెట్టంత ఉన్నాయి. నల్లటి డిప్ప మీద పసుపుపచ్చ గీతలు, ముగ్గులో చుక్క చుట్టూ గీతలు లాగినట్టు. ఎంత ముద్దుగా ఉన్నాయో చెప్పలేను. మా అమ్మాయి అప్పటికప్పుడే ఒకదానికి చుక్క అనీ, రెండోదానికి గవ్వ అనీ పేర్లు పెట్టేసింది.

మా అత్తగారు మాత్రం మొహం చిట్లించారు. తాబేలు దూరిన ఇల్లూ, అమీనా దూరిన ఇల్లూ ఒకటే అని వాళ్ల కాలంలో అనుకునేవారట. మా తమ్ముడు నవ్వేశాడు. "ఆ రోజులు పోయాయండీ అత్తయ్యగారూ. ఇప్పుడు తాబేలుంటే కలిసొస్తుందని అందరూ ఇత్తడివీ, గాజువీ కొని హాల్లో పెట్టుకుంటున్నారు. నేను నిజందే తెచ్చాను" అన్నాడు. నాతో ఏమన్నాడో తెలుసా? "అరవదు, కరవదు, బొచ్చు రాలదు. నీకు పనే ఉండదక్కా."

ఆ మాట అన్నవాడు మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయాడు.

అమ్మినవాడు వాడికి చెప్పిన జాగ్రత్తలు రెండే రెండు. ఇవి ఎడారి జంతువులు, నీళ్లు పెట్టకండి. ఏం పెట్టినా తింటాయి. మేం అక్షరాలా అలాగే చేశాం. వాగు నుంచి ఇసుక తెచ్చి డబ్బాలో పోశాం. టమాటా, దోసకాయ ముక్కలు, పాలల్లో నానిన బ్రెడ్డు, అప్పుడప్పుడు నాలుగు మెతుకులు. వెచ్చగా ఉంటుందని రాత్రిపూట ట్యూబులైటు వేసి ఉంచేవాళ్లం. జనవరిలో మా దగ్గర చలి ఎలా ఉంటుందో వచ్చినవాళ్లకి తెలుసు. మనుషులమే చలిమంటల దగ్గర నుంచి లేవం. ట్యూబులైటుకి వెచ్చదనమేమిటని నాకప్పుడు తోచలేదు, సైన్సు టీచర్ని కాదు కదా.

ఐదు వారాలు తిరక్కుండానే గవ్వ చచ్చిపోయింది. ముందు రోజు వరకూ నడిచింది. కాస్త మందంగా ఉంది, అంతే. పొద్దున చూస్తే మెడ బయటికి వేలాడేసి ఉంది.

అప్పుడు మొదలైంది చూడండి అసలు కథ. పక్కింటావిడ దిష్టి అంది. మా అత్తగారు, మనింటికి రావాల్సిన గండం అది పట్టుకుపోయిందిలే అన్నారు. ఆవిడే నయం. చూడ్డానికొచ్చిన ఇంకొకావిడ నన్ను పక్కకి పిలిచి, "ఆ మూడు రోజుల్లో ముట్టుకున్నారేమోనండీ, అది సాక్షాత్తూ కూర్మావతారం కదా" అంది. మా వారు గట్టిగా ఏమీ అనలేదు, బడికి వెళ్లేముందు ఓసారి చూసుకోవాల్సింది అన్నారు. ఆయన ఆ రోజు సెలవులో ఇంట్లోనే ఉన్నారన్న సంగతి ఆయనకే గుర్తు లేదు. తమ్ముడు ఫోన్లో, "నీకు పెంచడం చేతకాలేదక్కా" అనేశాడు.

చూశారా? తెచ్చింది ఒకరు. మోజుపడింది ఇంకొకరు. పేడ తీసి, ఇసుక మార్చి, కూరగాయలు తరిగేటప్పుడు ఓ ముక్క పక్కన పెట్టింది నేను. చచ్చిపోతే అందరి వేళ్లూ ఒకే వైపుకి తిరిగాయి. పైగా ఇంత చిన్న ప్రాణికి డాక్టరేమిటి, పరీక్షలేమిటి అని అందరికీ చులకన. కోళ్ల ఫారంలో పది కోళ్లు పోతే కోసి చూస్తారు. తాబేలు పోతే మాత్రం ఎందుకు పోయిందో ఎవరికీ అక్కర్లేదు. ఎవరి వల్ల పోయిందన్నదే కావాలి.

చుక్క మాత్రం బతికింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగానే తినేది. కిటికీ దగ్గర ఎండపొడలో పెట్టేవాళ్లం, గాజు తలుపు వేసేసి, కాకి ఎత్తుకుపోకుండా. మే నెలలో ఒకరోజు మా అమ్మాయి, "అమ్మా, దీని డిప్ప మెత్తగా ఉందేమిటి?" అంది. నొక్కి చూస్తే నిజమే, తడిసిన అట్టముక్కలా లోపలికి పోతోంది. చిన్నది కదా, ముదిరితే గట్టిపడుతుందిలే అనుకున్నాను. పసిపిల్ల మాడులా ఉంటుందేమోననుకున్నాను. ఇంత పిచ్చి పోలిక ఎవరికైనా తోస్తుందా! నాకు తోచింది.

జులైలో వానలు పట్టుకున్నాయి. గోడలే చెమ్మెక్కిపోయే రోజులు. చుక్క తిండి మానేసింది. ముక్కు దగ్గర బుడగలు. మెడ పైకి సాగదీసి నోరు తెరిచి గాలి పీల్చేది. దాన్ని టిఫిన్ బాక్సులో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మంచివాడు, తెలియనిది తెలుసునని చెప్పే రకం కాదు. "మేడమ్, నాకు గేదె తెలుసు, మేక తెలుసు. దీని గురించి ఎప్పుడో నాలుగు పేజీలు చదివానంతే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇది మీకెక్కడిది? ఇంట్లో ఉంచుకోవడం నేరమని తెలుసా?" అన్నాడు.

నాకు తెలీదు. తెలీదంటే చట్టం ఒప్పుకోదు గానీ, నిజంగానే తెలీదు.

నక్షత్ర తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న ప్రాణి. మొదట నాలుగో షెడ్యూలులో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి మొదటి షెడ్యూలులోకి, అంటే పులీ ఏనుగూ ఉన్న జాబితాలోకి తెచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దీన్ని పట్టినా, అమ్మినా, కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, తక్కువలో తక్కువ పాతిక వేల రూపాయల జరిమానా. దేశాల మధ్య వ్యాపారం సంగతైతే, 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో దీన్ని పూర్తిగా నిషేధించిన జాబితాలో చేర్చారు. మా తమ్ముడు చెప్పుల డబ్బాలో తెచ్చింది ఇలాంటి ప్రాణినన్నమాట.

ఇక్కణ్నుంచి రాయడానికి నాకు చెయ్యాడటం లేదు. కానీ ఈ వ్యాసం రాస్తున్నదే దీనికోసం.

రేంజి ఆఫీసు మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఆ సాయంత్రమే చుక్కని తీసుకెళ్లి అప్పగించి ఉండాల్సింది. అప్పగించలేదు. మా వారు, "ఇద్దరం గవర్నమెంటు ఉద్యోగులం, కేసయితే?" అన్నారు. తమ్ముడు ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు, నా పేరు బయటికి రానివ్వకక్కా అని. నేను కూడా భయపడ్డాను. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. అలా పది రోజులు.

ఈ పది రోజుల్లో మా వారికొక ఆలోచన వచ్చింది. ఇంటి వెనకే ఇంత అడవి ఉంది కదా, తీసుకెళ్లి వదిలేస్తే సరిపోతుంది, దాని చోటుకి అది పోతుంది అన్నారు. నాకూ బాగానే ఉందనిపించింది. మా బళ్లో వంట చేసే కొండరెడ్డి ముసలమ్మకి చూపించి అడిగాను. ఆవిడ పుట్టి పెరిగిందీ అడవిలోనే. అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది. "ఇది మా కొండల్ది కాదు టీచరమ్మా. వాగుల్లో ఉండే నల్ల తాబేలు నాకు తెలుసు. ఇంత సోకైనదాన్ని నేనెన్నడూ చూళ్లేదు. ఈ వానలో వదిలితే చలికి చస్తాది" అంది.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నక్షత్ర తాబేలు మెట్ట ప్రాంతాలది. రాయలసీమలాంటి చోట్ల తుమ్మా, రేగూ పొదలుండే పొడి నేలల్లో బతుకుతుంది. మా మారేడుమిల్లిది తడి అడవి. అడవి అంటే అన్నీ ఒకటే అడవి అని పట్నం వాళ్లు అనుకుంటే అర్థముంది, ఇక్కడ పదేళ్లుగా ఉంటున్న నేను కూడా అనుకున్నాను! ఇంకో సంగతి. ఇంట్లో పెరిగినదాన్ని అడవిలో వదిలితే దాని రోగాలు అక్కడి వాటికి అంటుకుంటాయి. పైగా అది అసలు ఏ ప్రాంతందో మనకేం తెలుసు? ఒకసారి సింగపూర్‌లో పట్టుబడిన నక్షత్ర తాబేళ్లని మన దేశానికి తిప్పి పంపితే, అవి ఎక్కడివో తేల్చడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. 2006లో వాళ్లు ప్రకటించింది ఏమిటంటే, ఆ గుంపులో దక్షిణ భారతానివీ ఉన్నాయి, శ్రీలంకవీ ఉన్నాయి. చూపుకి తేడా తెలియలేదు.

ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో మా బడిలో చదివి, ఇప్పుడు గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుతున్న పాత విద్యార్థినికి ఫోన్ చేశాను. కొండరెడ్డి పిల్ల. వాళ్ల పల్లెలో పది దాటిన మొదటి ఆడపిల్ల. సంగతంతా విని, "టీచర్, మీరేమనుకోనంటే ఒకటి చెప్తాను. మందు అడగడానికి ఫోన్ చేసినట్టున్నారు. ముందు దాన్ని అప్పగించండి" అంది. తర్వాత ఒక్కొక్క ప్రశ్నే వేసింది. నీళ్లల్లో కూర్చోబెట్టారా? ఎండ నేరుగా తగిలిందా, అద్దంలోంచా? రాత్రి దాని డబ్బాలో ఎంత వెచ్చగా ఉంటుంది? ఎప్పుడైనా తూచారా? ఏ ప్రశ్నకీ నా దగ్గర మంచి జవాబు లేదు. పరీక్షలో పిల్లల మొహాలు ఎలా ఉంటాయో ఆ పూట నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది.

పదకొండో రోజు పొద్దున చుక్క కదల్లేదు. మల్లెపొద కింద పాతిపెట్టాం. మా అమ్మాయి మా ముందు ఏడవలేదు.

ఇప్పుడు ఆ పిల్ల నాకు విడమరిచి చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ రాస్తాను. చిన్న తాబేళ్లు ఉన్నట్టుండి, ఏ కారణమూ లేకుండా చచ్చిపోతాయని అందరూ అంటారు. ఉన్నట్టుండి చావవు. నెలల తరబడి చస్తూ ఉంటాయి, మనకి కనపడదు. వేటాడే జంతువుల మధ్య బతికే ప్రాణి కనక జబ్బు దాచుకోవడం దాని స్వభావం. అది తిండి మానేసి మనకి తెలిసేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద మోసం ఆ ఎడారి మాట. పెద్ద తాబేలు నీళ్లు లేకుండా చాలా రోజులు ఓర్చుకుంటుంది. పిల్ల ఓర్చుకోలేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఒంట్లో ఉండే నీరెంత? చాలా కొంచెం. మెట్ట ప్రాంతాల్లో కూడా ఇవి పొదల మొదట్లో, గడ్డి దుబ్బుల కింద, చెమ్మ ఉన్న చోట దాక్కుంటాయి. అలాంటిదాన్ని పొడి ఇసుకలో పెడితే ఒంట్లో నీరు ఇగిరిపోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి. దెబ్బ తగిలేది మొదటి వారాల్లో. ప్రాణం పోయేది ఎప్పుడో. ఒక్కోసారి అమ్మినవాడి దగ్గరే దెబ్బతిని ఉంటుంది, మనింటికొచ్చి చచ్చిపోతుంది. అప్పుడు మనం ఏం పెట్టామా అని వెతుక్కుంటాం.

2003లో వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు ఆఫ్రికా జాతి తాబేలు పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటుంది. డిప్ప మీద గోపురాల్లా బొడిపెలు రావడానికి మాంసకృత్తులు ఎక్కువవడమే కారణమని అంతకుముందు అనుకునేవారు. తీరా చూస్తే గాలిలో చెమ్మ లేకపోవడమే పెద్ద కారణమని తేలింది, తిండి పాత్ర చాలా తక్కువ. ఎడారి అంచున బతికే జాతి సంగతే ఇలా ఉంటే మన నక్షత్ర తాబేలు సంగతి చెప్పాలా?

అయితే చెమ్మ కావాలంటే మా జులై చెమ్మ కాదు. వెచ్చదనంతో కూడిన చెమ్మ కావాలి. తాబేలు ఒంట్లో మనకున్నట్టు సొంత వేడి ఉండదు. చుట్టూ చల్లబడితే అదీ చల్లబడుతుంది, తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. చలీ తడీ కలిస్తే ఊపిరితిత్తులకి ఎక్కుతుంది. ముక్కు దగ్గర బుడగలు అవే. తాబేలుకి మనలాగా దగ్గి కఫం బయటికి తెచ్చుకునే వీలు లేదు పాపం.

మెత్తటి డిప్ప సంగతి మన ఆడవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. పసిపిల్లల్ని పొద్దుటెండలో పడుకోబెట్టమని పెద్దవాళ్లు ఎందుకన్నారో, అదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది, అదుంటేనే కాల్షియం ఎముకకి పడుతుంది. తాబేలు డిప్ప ఎముకే. కిటికీ అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అంటే నేను రెండు నెలల పాటు దానికి ఎండ చూపించాను గానీ ఎండ తగలనివ్వలేదు. దానికి తోడు టమాటా, దోసకాయ, బ్రెడ్డు! వాటిలో కాల్షియం ఎంతని? అది తినాల్సింది గడ్డి, కలుపు మొక్కల ఆకులు, మందార ఆకులూ పువ్వులూ, నాగజెముడు ముక్కలు. ఇవన్నీ మా పెరట్లో ఊరికే పడున్నాయి. మేం సంతలో టమాటాలు కొని పెట్టాం.

ఇంకొక్క సంగతి తప్పక చెప్పాలి. ఎవరో మేకలకి వేసే పురుగుల మందు ఇంజక్షను వేయించమని సలహా ఇచ్చారు. గన్నవరం పిల్ల విని ఫోన్లోనే కేకేసింది. ఐవర్‌మెక్టిన్ అనే ఆ మందు పశువులకీ మేకలకీ బాగా పనిచేస్తుంది గానీ తాబేలుకి విషం. కాళ్లు చచ్చుబడి చచ్చిపోతుంది. ఇలా చచ్చినవి కూడా కారణం తెలియని చావుల లెక్కలోనే పడతాయి కదా.

మా రెంటిలో గవ్వ ఎండిపోయీ చలికీ పోయిందనీ, చుక్క మెత్తబడి చివరికి ఊపిరి అందక పోయిందనీ నా లెక్క. కోసి చూసి చెప్పినవాళ్లెవరూ లేరు. ఎందుకు లేరు? తీసుకెళ్తే దొరికిపోతామని. నా కోపమంతా ఇక్కడే. చాటుగా కొంటాం కనక చాటుగా పెంచుతాం. చాటుగా పెంచుతాం కనక డాక్టరు దగ్గరికి వెళ్లం. వెళ్లం కనక ఏ డాక్టరూ వీటిని చూసి నేర్చుకోడు. చచ్చాక మల్లెపొద కింద పాతిపెట్టి దిష్టి అనుకుంటాం. ఈ చావులు అంతుపట్టకపోవడంలో దేవుడి ప్రమేయమేమీ లేదు, అమ్మేవాడికి మాత్రం లాభముంది. ఎందుకు చచ్చిపోయిందని ఎవరూ నిలదీయరు, నిలదీస్తే కొన్నవాళ్లూ ఇరుక్కుంటారు. పోయిన దాని బదులు ఇంకొకటి కొంటారు.

ఈ వ్యాపారం చిన్నదనుకోకండి. 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో, మన దేశంలో ఒకే ఒక్క సేకరణ కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లని పట్టుకుపోయారని లెక్క తేలింది. ఎక్కువగా పిల్లలే. చిన్నవైతే సంచుల్లో, డబ్బాల్లో ఇరికించడం తేలిక. ఆ దారిలో తిండీ నీళ్లూ లేకుండా ఎన్ని రోజులు పడి ఉంటాయో ఊహించుకోండి. మీ చేతికొచ్చిన పిల్ల ఆ దారి దాటి వచ్చిందే.

నక్షత్ర తాబేలు కాదు, మాది అక్వేరియం షాపులో కొన్న ఆకుపచ్చది, చెవి దగ్గర ఎర్ర గీత ఉంటుంది అంటారు కొందరు. అది అమెరికా నుంచి వచ్చిన నీటి తాబేలు. చిన్న ప్లాస్టిక్ గిన్నెలో, లోపల ఓ ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, ఎండు రొయ్యలు. నెలలు గడిచాక కళ్లు వాచి మూసుకుపోతాయి. కళ్లకలక అనుకుని చుక్కలు వేస్తారు. చాలాసార్లు అది ఎ విటమిన్ లోపం, తిండి సరిగ్గా లేకపోవడం. బతికితే పళ్లెమంత అవుతుంది, అప్పుడు చెరువులో పారేస్తారు. ప్రపంచంలో పరాయి చోట చేరి చెరుపు చేసే వంద జీవుల జాబితాలో దాని పేరుంది. పైగా తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది, అది తాబేలుకి ఏమీ చెయ్యదు, పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి. అమెరికాలోనే 1975 నుంచి నాలుగంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్లని పెంపకానికి అమ్మకూడదని నిషేధించారు. పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారని! మనం ఆ గిన్నెని అంట్లు తోమే సింకులోనే కడుగుతాం.

ఇదంతా రాస్తే, ఇప్పుడు తెలిసింది కదా, ఇక బాగా పెంచుకోవచ్చు అనుకునేవాళ్లుంటారని నాకు తెలుసు. అందుకోసం రాయడం లేదు. నక్షత్ర తాబేలుని కొనొద్దు, బహుమతిగా వద్దు, వాస్తుకి అసలే వద్దు. మీ ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉంటే, నాలాగా పది రోజులు నాన్చకండి. గోరువెచ్చని నీళ్లు దాని గడ్డం మునగనంత లోతులో పోసి పావుగంట కూర్చోబెట్టండి, వెచ్చగా ఉంచండి, అటవీ శాఖ వాళ్లకి అప్పగించండి. ఊరవతల పొదల్లో మాత్రం వదలకండి.

అటవీ శాఖ వాళ్లకీ ఒక మాట. మా ఘాట్ రోడ్డులో ప్లాస్టిక్ పారేయొద్దని బోర్డులు పెడతారు, మంచిదే. తెలియక తాబేలుని తెచ్చుకున్న ఇల్లాలు దాన్ని ఏ గదిలో, ఏ బల్ల మీద, ఎవరికి అప్పగించాలో కూడా ఒక బోర్డు మీద రాయండి. అప్పగించడానికొచ్చినవాళ్లనీ, అమ్ముకునేవాళ్లనీ ఒకే కంటితో చూడబోమని ధైర్యం చెప్పండి. జైలు భయం ఉండాల్సిందే. కానీ అది నాలాంటివాళ్లని ఆఫీసు గుమ్మం దాకా రానివ్వకపోతే, ఆ భయం కాపాడేది తాబేలునా, దుకాణాన్నా?

మా అమ్మాయికి ఏం చెప్పానంటారా? మొన్న దసరా సెలవుల్లో కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. నీ తప్పు కాదు, నువ్వు ముట్టుకోవడం వల్ల కాదు, నేను ముట్టుకోవడం వల్లా కాదు అన్నాను. ఆ ఐదు వారాలు మనకి తెలియకపోవడం వల్ల, ఆ పది రోజులు మాత్రం అమ్మ భయం వల్ల అన్నాను. అది చాలాసేపు మాట్లాడలేదు. "మావయ్యకి చెప్పావా?" అని అడిగింది.

చెప్పాను. మొన్నీమధ్య వాడే ఫోన్ చేశాడు. వాడి ఆఫీసులో ఎవరింట్లోనో ఒక చుక్కల తాబేలు పిల్ల ఉందట, మూడు రోజుల నుంచి కళ్లు తెరవడం లేదట. "ఏం మందు వెయ్యమంటావక్కా?" అన్నాడు. మందు కాదు, ఫారెస్టు ఆఫీసుకి తీసుకెళ్లమను అన్నాను. "సరే, రేపు చెప్తాను" అన్నాడు.

"రేపు కాదురా, ఇప్పుడే" అన్నాను.